మిగులు ధ్వనుల శాఖ

భాషను బట్టి రాష్ట్రాలను పంచినప్పుడు ఏ భాష వాటాకూ రాని శబ్దాలు కొన్ని ప్రభుత్వం చేతిలో మిగిలిపోయాయి. తెలుగు శబ్దాలు తెలుగువాళ్లకు, కన్నడ శబ్దాలు కన్నడిగులకు, మరాఠీ శబ్దాలు మరాఠీవాళ్లకు సక్రమంగా ముట్టాయి. ఉర్దూ శబ్దాలు కచేరీల్లో పాత బీరువాల వెనుక ఉండిపోయాయి (ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, దులిపితే తుమ్ములు వస్తాయని ఎవరూ దులపరు). కానీ మనిషి ఎద్దును అదిలించేటప్పుడు, కోడిని తోలేటప్పుడు, గొర్రెను పిలిచేటప్పుడు నోటితో చేసే చప్పుళ్లు ఎవరివో ఏ కాగితంలోనూ లేదు. మక్తల్ దాటి అవతల మైసూరు రాష్ట్రంలో ఒక కాపరి చేసిన చప్పుడుకు ఇవతల మన రాష్ట్రపు గొర్రె తలెత్తి చూసిందని ఒక రెవెన్యూ గిర్దావరు రాసి పంపాడు. ఒక రాష్ట్రం చప్పుడుకు మరొక రాష్ట్రం గొర్రె పలకడం చట్టం చేసినవాళ్లు ఊహించని పరిణామం.

అందుకని మిగులు ధ్వనుల శాఖ పుట్టింది. దాని కొమ్మ ఒకటి కల్వకుర్తిలో, అంగడి మైదానం పక్కన, అంతకుముందు పల్లికాయ నిలవ చేసిన గోదాములో తెరిచారు. ఎలుకలు మాత్రం పాత పద్ధతిలోనే తిరిగేవి.

ప్రత్యేక ధ్వని అధికారిగా సాంబమూర్తి గారు వచ్చారు. కృష్ణకు దిగువన, కాలువల కింద పుట్టినవారు. వ్యాకరణం చదివినవారు. చెడ్డవారు కాదు. చెడ్డవారైతే కోడిని ఇచ్చో, నెయ్యి ఇచ్చో పని చేయించుకునేవాళ్లం. ఆయన నిజాయితీపరుడు కావడంతో మాకు ఏ దారీ లేకపోయింది.

వచ్చిన వారంలోనే ఆయన కనిపెట్టిన సంగతి ఏమిటంటే, మా కాపరులు గొర్రెలతో ఒక భాష మాట్లాడుతున్నారు, దానికి రాత లేదు. రాత లేని శబ్దం పట్టా లేని భూమి లాంటిదని, దాన్ని ఎవడైనా ఎటైనా దున్నుకుంటాడని ఆయన పైకి రాశారు. పైనుంచి ఆ భాషకు 'మందభాష' అని పేరు, వర్ణక్రమం తయారు చేయమని ఉత్తర్వు వచ్చాయి. (భాష మాది అనుకుంటున్నారేమో. మా దగ్గర ఉన్నది చప్పుడు మాత్రమే. పేరు పెట్టిన తరువాత తయారైన భాష శాఖవారిది.)

కొత్త భాషకు కొత్త అక్షరాలు కావాలి. పోత పోయించడానికి డబ్బు లేదన్నారు. సాంబమూర్తి గారు అధైర్యపడలేదు. తెలుగు వర్ణమాలలో ఏళ్ల తరబడి పేరు ఉండి పని లేని అక్షరాలు కొన్ని ఉన్నాయి కదా. ఌ అనేది బళ్లో పిల్లలు ఒకసారి దిద్ది మళ్లీ జన్మలో రాయరు. దాని చెల్లెలు ౡ పరిస్థితి మరీ అన్యాయం. ఙ, ఞ ఇద్దరూ వయసు మీరి కూర్చున్నారు. వీళ్లందరినీ గొర్రెల పని మీద కల్వకుర్తికి బదిలీ చేయించారు. నాలుకను అంగిట్లో కొట్టే చప్పుడుకు ఌ, ముక్కులోంచి వచ్చే మూలుగుకు ఙ, పెదవులు వణికించే దానికి బండి ఱ, ఊపిరి లోపలికి పీల్చేదానికి అరసున్న. ఈల జోలికి పోలేదు. అది పోలీసు శాఖది.

అలా మందను పిలిచే మాట 'ఌఙ' అని ఖాయమైంది. అయితే నాలుకను అంగిట్లో కొట్టడం సాంబమూర్తి గారికి చేతకాదు. ఆయన దాన్ని అక్షరం ఎలా ఉందో అలాగే 'లుఙ' అని చదివేవారు. అధికారి ఎలా చదివితే అది శుద్ధ ఉచ్చారణ కనుక, నాలుకతో కొట్టే అసలు చప్పుడు ఆ రోజు నుంచి తప్పుల పట్టీలో చేరింది. పొట్టేలును పిలిచేటప్పుడు 'గారు' చేర్చడం కాపరి ఇష్టానికి వదిలేశారు.

ఇక్కడ మా కాపరుల పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. మా దగ్గర కురుమల ఇళ్లల్లో ఇంటికొక కూత ఉంటుంది. వాగులో నీళ్ల దగ్గర అందరి మందలూ కలిసిపోతాయి. నల్ల గొర్రెలు, ఒకదాన్ని చూస్తే ఒకదాన్ని చూడనక్కరలేదు. నీళ్లు తాగాక ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో దిబ్బ ఎక్కి తమ కూత వేస్తారు. చిక్కుపడ్డ దారం విప్పినట్టు మందలు విడిపోతాయి. కొత్త కోడలు కాపురానికి వస్తే అత్త మొదట నేర్పేది ఆ కూతే. గంప కింద ఉన్న గొర్రెపిల్లకు తల్లి పొదుగు చూపిస్తూ కోడలు ఆ కూత వేస్తుంది. అది పిల్ల చెవిలో చచ్చేదాకా ఉంటుంది. కూత ఒక ఇంటిది మరొక ఇంటివాళ్లు వేయరు. వేస్తే పంచాయితీ.

సాంబమూర్తి గారు దీన్ని 'ఒకే అర్థానికి అనవసరమైన రూపాలు' అన్న శీర్షిక కింద చేర్చి, అన్నింటినీ రద్దు చేశారు.

ఇంతవరకు మాకు ఫికర్ లేదు. గోదాములో జరిగేది గోదాములో జరుగుతుంది, గుట్ట మీద మేసేది గుట్ట మీద మేస్తుంది అనుకున్నాం. కానీ శివరాత్రి దాటింది. శివరాత్రి దాటితే మా దగ్గర గడ్డి ఉండదు, గడ్డి ఉండిన జాగాలు మాత్రం ఉంటాయి. మందలు అమ్రాబాద్ అడవికో, ఆత్మకూరు దిక్కు కృష్ణ ఒడ్డుకో పోవాలి. పోవాలంటే జంగ్లాత్ వాళ్లకు, అంటే అడవి శాఖకు, మేతకు పుల్లరి కట్టి చిట్టీ తీసుకోవాలి. ఎప్పుడూ ఉన్నదే. ఆ ఏడు చిట్టీ వెనుక ఇంకో ముద్ర కావాలన్నారు. కాపరి, మంద ఇద్దరూ శుద్ధమైన మందభాషలో వ్యవహరించగలరని మిగులు ధ్వనుల శాఖ పరీక్ష పెట్టి వేసే ముద్ర. చిట్టీ ఉండగా అధికారుల ముందు రద్దయిన కూత వేస్తే చిట్టీ కూడా రద్దు.

బీరప్ప మందలో ఆ ఏడు ఈనిన గొర్రెలు ఎక్కువ. తల్లికి మేత లేకపోతే పాలు ఉండవు, పాలు లేకపోతే పిల్ల ఉండదు. అతను గొంగడి భుజాన వేసుకుని గోదాముకు పోయాడు.

"సారు, నాకు చదువు రాదు," అన్నాడు.

"చదువు మీకు కాదయ్యా, గొర్రెలకు," అన్నారు సాంబమూర్తి గారు ఓపికగా. "మీరు పలికితే చాలు. అర్థం చేసుకోవలసింది అవి."

"అవి అర్థం చేసుకోకుంటె?"

"సప్లిమెంటరీ ఉంది."

అక్కడ గుమాస్తా మల్లేశం. మా ఊరి మగ్గాల వాడలో పుట్టినవాడు. నేత గిట్టుబాటు కాక నౌకరీలో చేరాడు. అతనే బీరప్పను పక్కకు తీసుకుపోయి గోడకు తగిలించిన పటం చూపించాడు.

"బావా, గిది చూడు. గిది లు. గిది ఙ. కలిపి అను."

"లుఙ."

"మంచిగనే అన్నవు."

"ఇదేం మాట తమ్మీ, గొంతుల ముద్ద అడ్డం పడ్డట్టున్నది."

"జర మెల్లగ. సారు ఇంటడు."

మైదానంలో పరీక్ష జరిగింది. బీరప్ప నిలబడి 'లుఙ' అన్నాడు. గొర్రెలు తలెత్తలేదు. మళ్లీ అన్నాడు. ఒక పొట్టేలు తుమ్మింది. సాంబమూర్తి గారు చేతి గడియారం చూసి ఫలితం ప్రకటించారు. కాపరి ఉత్తీర్ణుడు, మంద ఫెయిలు. గొర్రెకూ వర్ణక్రమానికీ వివాదం వచ్చినప్పుడు వర్ణక్రమానిదే పైచేయి అని నిబంధన.

బీరప్ప ఇంటికి వచ్చేసరికి అతని భార్య సత్తమ్మ దొడ్డి ఊడుస్తూ ఉంది.

"ఏమన్నరు?"

"నేను పాసైన. గొర్రెలు ఫేలైనయి."

సత్తమ్మ చీపురు ఆపలేదు. "మరింకేం. పాసైనోనివి నువ్వే పో అడివికి. పోయి గడ్డి మెయ్యి."

"నామీద ఎందుకు కోపం? నేను అన్న. అవి ఇనలేదు."

"ఎట్ల ఇంటయి? నువ్వు ఎప్పుడన్న ఉత్త చేతులతోటి పిలిస్తె నేను వచ్చిన్నా?"

సత్తమ్మ లోపలికి పోయి కొంగులో దొడ్డుప్పు పోసుకుని వచ్చింది. ఒక గొర్రె ముందు కూర్చుని "లుఙ" అన్నది, అరచేతిలో ఉప్పు పెట్టింది. గొర్రె నాకింది. ఇంకోదాని ముందు కూర్చుంది. "లుఙ." ఉప్పు. పొద్దు గూకేదాకా అదే పని. మరునాడూ అదే పని. కొన్నాళ్లకు ఆమె వాకిట్లో ఆ మాట అంటే మంద మొత్తం గోడ దూకి వచ్చేది.

ఇది ఆమె ఒక్కతే చేసింది అనుకుంటే పొరపాటు. అటు వాడలో అంజయ్య ఇంట్లో అతని భార్య గుర్వమ్మ కూడా ఇదే చేసింది. పక్క ఊరివాళ్లూ ఇదే చేశారు. పరీక్ష పాసయ్యే కిటుకు తమకు ఒక్కరికే తెలుసునని ప్రతి ఇల్లూ తలుపు వేసుకుని గొర్రెలకు ఉప్పు పెట్టింది. ఊరంతా ఒకే పనిని ఒకరికొకరు చెప్పుకోకుండా చేయడం మాకు అలవాటే. తాలూకాలో ఉప్పు కరువొచ్చి, కోమటి అంగడిలో కల్లుప్పు అడిగితే "నీ మంద ఏ క్లాసు?" అని అడిగేదాకా పోయింది.

బడి దగ్గర మాత్రం చిన్న ఇబ్బంది వచ్చింది. పిల్లలు వర్ణమాల వల్లిస్తూ అచ్చుల్లో 'లు, లూ' దగ్గరికి వచ్చేసరికి గొర్రెలు చెవులు నిక్కించి బడి అరుగు ఎక్కేవి. 'ఙ' దాకా చదివితే లోపలికి వచ్చి వరసలో నిలబడేవి. ఆ రోజుల్లోనే ఇన్‌స్పెక్టర్ వచ్చిపోయాడు. హాజరు సంతృప్తికరమని, క్రమశిక్షణ బాగుందని, విద్యార్థులు ప్రశ్నలకు జవాబు చెప్పడంలో మాత్రం కొంచెం బిడియపడుతున్నారని రాసిపోయాడు.

సప్లిమెంటరీ రోజు తాలూకాలోని మందలన్నీ అంగడి మైదానానికి చేరాయి. బీరప్పది ఒక మూల, అంజయ్యది ఒక మూల, మిగతావి చుట్టూ. జంగ్లాత్ జవాన్లు చిట్టీలతో సిద్ధంగా ఉన్నారు. బీరప్పకు అమ్రాబాద్ అడవి, అంజయ్యకు కృష్ణ ఒడ్డు రాసి ఉంది. ముద్ర పడిన మంద పొద్దు గూకకముందే మైదానం నుంచే తన దారిన పోవాలి.

ఒక్కొక్కరిని పిలిస్తే ఆలస్యమని, కాపరుల ఉచ్చారణలో తేడాలుంటాయని, సాంబమూర్తి గారు తానే మధ్యలో కుర్చీ వేయించుకుని పటం చేతిలో పట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"లుఙ," అన్నారు స్పష్టంగా.

మైదానంలో దుమ్ము లేచింది. నాలుగు దిక్కుల నుంచి మందలు ఉప్పు కోసం పరుగెత్తుకొచ్చాయి. సాంబమూర్తి గారు కుర్చీ మీదికి ఎక్కారు. ఆయన బూట్లు నాకాయి, కోటు జేబుల్లో మూతులు పెట్టాయి, ఒక పొట్టేలు మందభాష పటాన్ని అంచు నుంచి మొదలుపెట్టి ఱ దాకా తిన్నది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంత త్వరగా భాషను పట్టుకున్న విద్యార్థులను నా సర్వీసులో చూడలేదు," అన్నారు కుర్చీ మీది నుంచే. "అందరూ పాసు."

ముద్రలు పడ్డాయి. చిట్టీలు చేతికి వచ్చాయి. బీరప్ప చిట్టీని తలపాగాలో పెట్టుకుని తన మంద కోసం చూశాడు. మైదానమంతా ఒకటే మంద.

"లుఙ," అన్నాడు.

మంద మొత్తం అతని దగ్గరికి వచ్చింది. అంజయ్య పరేషాన్ అయి "లుఙ" అన్నాడు. మంద మొత్తం అటు పోయింది. బీరప్ప మళ్లీ అన్నాడు. మళ్లీ ఇటు వచ్చింది. కాసేపు ఇలా జరిగాక గొర్రెలకే విసుగు వచ్చి మధ్యలో కూర్చున్నాయి.

"ఇందులో సమస్య ఏముంది?" అన్నారు సాంబమూర్తి గారు. "ఎవరి దరఖాస్తులో ఎన్ని రాసి ఉంటే అన్ని లెక్కపెట్టి ఇవ్వండి. పిల్లలకు అరలెక్క."

జవాన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చేతికి అందిన గొర్రెను ఇటు ఒకటి, అటు ఒకటి తోశారు. తల్లి కృష్ణ ఒడ్డుకు, పిల్ల అమ్రాబాద్‌కు పంపిణీ అవుతూ ఉంది. గొర్రెలు అరవడం మొదలుపెట్టాయి.

"సారు, తల్లి గాడ, పిల్ల గీడ అయితాంది," అన్నాడు అంజయ్య. "గిట్లయితె పిల్లలు దక్కవు."

"ఏ తల్లి దగ్గర తాగితే ఏమిటయ్యా, పాలు పాలే కదా?"

"పరాయి పిల్లను పొదుగు ముట్టనియ్యదు సారు. పొడుస్తది."

"అది సంకుచిత బుద్ధి," అన్నారు సాంబమూర్తి గారు బాధగా. "ఇన్నాళ్లూ మరి మీరెలా విడదీసుకున్నారు?"

ఎలా విడదీసుకున్నారో చూపిస్తే చేతిలో చిట్టీ పోతుంది. చూపించకపోతే పిల్లలు పోతాయి. బీరప్ప తలపాగా తడుముకున్నాడు. సత్తమ్మ చంకలో ఉన్న గొర్రెపిల్ల ఆమె వేలును పొదుగు అనుకుని చీకుతూ ఉంది. ఆమె మొగుని తలపాగా వైపు ఒకసారి చూసింది, పిల్లను చూసింది. మైదానం అంచున పల్లికాయ పొట్టు కుప్ప ఉంటే దాని మీదికి ఎక్కింది.

"ఏయ్, ఏం జేస్తున్నవు?" అన్నాడు బీరప్ప మెల్లగా.

"నువ్వు అటు చూడు," అని ఆమె తమ ఇంటి కూత వేసింది.

అది ఎలా ఉంటుందో రాయమంటే నాకు రాదు. నాలుక అంగిట్లో తగిలి, ఊపిరి లోపలికి పోయి, ముక్కులో తిరిగి వస్తుంది. ఆమెకు అది ఆమె అత్త నేర్పింది. మందలో అక్కడొకటి, ఇక్కడొకటి గొర్రె లేచి తల తిప్పింది. జవాను కాళ్ల మధ్య నుంచి ఒకటి దూరి వచ్చింది. అవతలి దిబ్బ మీద గుర్వమ్మ తన కూత వేసింది. ఆ వెనుక ఇంకో ఇంటిది, ఇంకో ఇంటిది. జవాను బీడీ ముట్టించి మొదటి దమ్ము లాగేలోపు ఎవరి మంద వాళ్ల ముందు ఉంది. తల్లుల కింద పిల్లలు మోకాళ్ల మీద వంగి పాలు తాగుతున్నాయి.

సాంబమూర్తి గారు కుర్చీ దిగారు. నిజాయితీపరుడని చెప్పాను కదా, చూసినదాన్ని చూడనట్టు ఊరుకోలేరు.

"రద్దయిన కూత వేశారు. చిట్టీలు రద్దు చేయాలి. మల్లేశం, రాయి."

మల్లేశం కలం తీశాడు. "ఏమని రాయాలె సారు?"

"విన్నది రాయి."

మల్లేశం కలం కాగితానికి ఆనించి మళ్లీ ఎత్తాడు. "మన అక్షరాలల్ల ఇది లేదు సారు."

సాంబమూర్తి గారు తాను ప్రయత్నించారు. ఌ రాసి కొట్టేశారు. ఙ మీద అరసున్న పెట్టి తీసేశారు. చివరికి సత్తమ్మ వైపు తిరిగి, "ఏదమ్మా, ఇందాకటి శబ్దం మరొక్కసారి చేయండి," అన్నారు.

సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనేం జెయ్యలేదు సారు. గొంతుల నలక పడ్డది."

"గుర్వమ్మా, మీరు?"

"నాకు గూడ గదే నలక సారు. గాలికి వచ్చింది."

మల్లేశం దగ్గరికి జరిగాడు. "సారు, మన శాఖ మొదటి నిబంధనల ఏమున్నది? రాయడానికి రానిది శబ్దం కాదని ఉన్నది. శబ్దమే కానప్పుడు నేరమెట్లయితది? నేరమని పైకి పంపితె, మన వర్ణక్రమంల ఇంకా రానియి ఉన్నయని మనమే రాసిచ్చినట్టయితది."

సాంబమూర్తి గారు మిగిలిన పటం ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అయితే ఏ శబ్దమూ జరగలేదు," అన్నారు. "కానీ సాక్ష్యం ఉండాలి. అందరూ వేలిముద్రలు వేయాలి."

మల్లేశం రాశాడు. మైదానంలో ఏ శబ్దమూ కాలేదని, గొర్రెలు తమంతట తామే విడిపోయాయని, ఈ తాలూకా కాపరులకు శాఖవారు ఇచ్చిన మాట తప్ప సొంత కూత అంటూ ఏదీ లేదని, పూర్వం కూడా ఉండేది కాదని. కాపరులు వరసగా వచ్చి వేలిముద్రలు వేశారు. సత్తమ్మ వంతు వచ్చింది.

"ఏం రాసినవు తమ్మీ?"

"మనకు కూత లేదని రాసిన అక్కా."

"ఉన్నది గద. ఇప్పుడే ఇంటివి."

"ఉన్నది. లేదని ఏలు పెడితె చిట్టీ ఉంటది."

"మా అత్త ఇంటె ఏమంటది?"

"మా అమ్మ సచ్చిపోయె గదనే," అన్నాడు బీరప్ప వెనుక నుంచి.

సత్తమ్మ పొట్టు కుప్ప దగ్గర పాలు తాగుతున్న పిల్లను చూసింది. వేలు చాపింది. మల్లేశం సిరా పూశాడు. ఆమె ముద్ర వేసి, మిగిలిన సిరాను గొర్రె వీపుకు తుడుచుకుంది. నల్ల గొర్రె, కనిపించలేదు.

పొద్దు గూకకముందే మందలు కదిలాయి. ఆ ఎండాకాలం మావాళ్ల మందల్లో మేత లేక చచ్చిన పిల్ల ఒక్కటీ లేదు. వానలు పడి తిరిగి వచ్చేసరికి శాఖవారి నివేదిక అచ్చయి ఉంది. అందులో మా తాలూకా గురించి చాలా గౌరవంగా రాశారు. ఇక్కడి ప్రజలకు సొంత శబ్దాలు లేవని వారే స్వయంగా ధ్రువపరిచారని, ఏది ఇస్తే అది వెంటనే పలుకుతారని, ఎటువంటి అభ్యంతరమూ వినిపించలేదని.

గొర్రెల దగ్గర ఇంత ఫలితం చూపించినందుకు సాంబమూర్తి గారికి పై ఉద్యోగం ఇచ్చి, మా బడిపిల్లలు మాట్లాడే మాటల మీద వేశారు.